జీతం ఏ పద్దులోంచి వస్తోందో ముందు అది అడగండి

ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ నుంచి ఒకాయన అడిగిన సంగతి ఇది. చెల్లెలు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంది, కంప్యూటర్ వచ్చు. ఒక ప్రభుత్వ ఆఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటర్ పని ఉందని, ఏజెన్సీ తరఫున పెట్టిస్తానని ఒక మనిషి ఇంటికొచ్చాడు. జీతం 15,000 అన్నాడు. ముందుగా 60,000 డిపాజిట్ కట్టాలన్నాడు. మూడేళ్లలో పర్మనెంట్ అయిపోతుందన్నాడు, 2022లో ఒడిశాలో అందరినీ చేశారు కదా అని పేపర్ కటింగ్ కూడా చూపించాడు. అదే ఆఫీసులో ఇప్పటికే పనిచేస్తున్న కుర్రాడికి చేతికి పదిన్నర వేలే వస్తున్నాయని తెలిసి అనుమానం పుట్టింది. కట్టమంటారా, వద్దంటారా అని ప్రశ్న.

కట్టొద్దు. జవాబు అక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆ మనిషి చెప్పినవన్నీ అబద్ధాలు కావు. పోస్టు ఉండొచ్చు, జీతం 15,000 అని కాగితం మీద ఉండొచ్చు, 2022 సంగతీ నిజమే. అందుకే మీకు తేల్చుకోవడం కష్టమైంది. కాస్త ఓపిగ్గా చదవండి.

నేను గుణుపురంలో జూనియర్ క్లర్కుగా చేరి, రాయగడ, ఆర్.ఉదయగిరి తిరిగి, పర్లాకిమిడిలో బడబాబుగా రిటైరయ్యాను. హెడ్ క్లర్కును మా వైపు తెలుగువాళ్లం కూడా బడబాబు అనే అంటాం. జీతాల బిల్లులు రాయడం, సర్వీసు పుస్తకాలు నింపడం, ట్రెజరీ వాళ్లు పెట్టిన ఆబ్జెక్షన్లకు సమాధానం చెప్పుకోవడం, ఇంతే నా ఉద్యోగం. పెద్ద హోదా ఏమీ కాదు. కాకపోతే ఎవరి జీతం ఎందుకు ఆగిందో కలెక్టరు గారికన్నా ముందు బడబాబుకి తెలుస్తుంది.

నేను ఆఖరున కూర్చున్న గది గురించి చెప్తాను, మీకు సగం విషయం అర్థమైపోతుంది. నాలుగు టేబుళ్లు. కిటికీ పక్కన ఒక జూనియర్ అసిస్టెంటు, పరీక్ష రాసి వచ్చినవాడు. అతని ఎదురుగా ఉపాధి హామీ పథకం మీద వచ్చిన ఒక కంప్యూటర్ కుర్రాడు. గోడ వైపు ఏజెన్సీ ద్వారా వచ్చిన ఒక ఆపరేటరమ్మ. గుమ్మం దగ్గర స్టూలు మీద డీఎల్ఆర్, అంటే రోజుకూలీ పట్టీ మీద పనిచేసే ప్యూను. నలుగురూ పదిన్నరకి వస్తారు, ఒకే కెటిల్‌లో టీ తాగుతారు, ఒకే సాహెబు చేత తిట్లు తింటారు. బయటినుంచి వచ్చినవాళ్లకి నలుగురూ "గవర్నమెంటోళ్లే". కానీ నెలాఖరుకి నేను రాసే కాగితాలు నాలుగు రకాలు.

జూనియర్ అసిస్టెంటు జీతం శాలరీ పద్దులోంచి వస్తుంది. మా ఒడిశా బడ్జెట్టులో 136 అంటే పే, 156 అంటే డీఏ, 403 అంటే ఇంటద్దె భత్యం. ఆ అంకెలు నాకు ఇప్పటికీ నిద్రలో కూడా గుర్తుంటాయి. అతని పేరు మీద ప్రభుత్వ ఉద్యోగుల వివరాలుండే కంప్యూటర్ వ్యవస్థ హెచ్ఆర్ఎంఎస్‌లో ఒక ఐడీ ఉంటుంది, సర్వీసు పుస్తకం ఉంటుంది, ఏడాదికో ఇంక్రిమెంటు ఉంటుంది. 2017 నాటి జీతాల సవరణ ఓఆర్ఎస్‌పీ రూల్స్ ప్రకారం పే మ్యాట్రిక్స్‌లో అతనికో గడి ఉంది, ఆ గడిలోంచి ఏటా కిందికి ఒక మెట్టు జరుగుతాడు. అతని జీతం ఆపాలంటే ఆర్డరు కావాలి.

కంప్యూటర్ కుర్రాడి జీతం పథకంలో పాలనా ఖర్చులకు ఇచ్చిన డబ్బులోంచి వచ్చేది. ఉపాధి హామీలో మొత్తం ఖర్చు మీద 6 శాతం దాకా అలా వాడుకోవచ్చని లెక్క ఉండేది. పైనుంచి ఆ డబ్బు రాకపోతే అతనికి జీతం లేదు, మా సాహెబు ఎంత మంచివాడైనా ఏమీ చెయ్యలేడు. ఒకసారి నాలుగు నెలలు రాలేదు. పాపం, పెళ్లి కుదిరిన ఏడాది.

ఆపరేటరమ్మకి నేను జీతం బిల్లు రాసేవాణ్ణే కాదు. ఏజెన్సీ ఒక బిల్లు పంపేది, "మానవ వనరుల సరఫరా, ఇంతమంది, ఇన్ని రోజులు" అని. జెరాక్స్ మెషిన్ అద్దె బిల్లు ఏ తీరులో వస్తుందో అదే తీరు. రెండింటికీ ఓచర్ నంబరు వేసి ఒకే ఫైలులో కట్టేవాణ్ణి. ఆఫీసు ఆ మనిషిని ఉద్యోగంలోకి తీసుకోలేదు, ఒక సేవ కొనుక్కుంది. ఆమెకు మా ఆఫీసు రికార్డులో సర్వీసు పుస్తకం లేదు, హెచ్ఆర్ఎంఎస్ ఐడీ లేదు, పోస్టు లేదు. మీ చెల్లెలికి ఇప్పుడు చూపిస్తున్నది ఈ మూడో టేబులు.

ఇక డీఎల్ఆర్ ప్యూను. అతని కథ తర్వాత చెప్తాను.

ఇప్పుడు పేపర్ కటింగ్ సంగతి. 2022 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ కాంట్రాక్టు నియామకాల పద్ధతి రద్దు చేస్తున్నామని ప్రకటించారు. 57 వేలకు పైగా ఉద్యోగులు రెగ్యులర్ అయ్యారు, ఏడాదికి 1,300 కోట్ల అదనపు ఖర్చు అని లెక్క చెప్పారు. అన్ని ఊళ్లలో టపాసులు కాల్చారు, మా పర్లాకిమిడిలో కూడా స్వీట్లు పంచారు. అయితే వాళ్లెవరు? 2013లో వచ్చిన కాంట్రాక్టు నియామక రూల్స్ కింద, మంజూరైన పోస్టుల్లో, నోటిఫికేషన్ వేసి, పరీక్ష పెట్టి, రిజర్వేషన్ రోస్టర్ పాటించి తీసుకున్నవాళ్లు. మొదటి ఆరేళ్లు డీఏ, ఇంటద్దె లేకుండా గంపగుత్త జీతం మీద పనిచేసి, ఆ తర్వాత రెగ్యులర్ కావాలన్నది వాళ్ల పద్ధతి. ఆ ఆరేళ్ల నిరీక్షణను తీసేశారు. అంతేగాని, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు ఆ ఆర్డరులో లేరు. మా ఆపరేటరమ్మ ఆ రోజు స్వీటు తిని, సాయంత్రం నాకు ఫోన్ చేసి "బడబాబు గారూ, నాది కూడా అవుతుందా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక "చూద్దామమ్మా" అన్నాను. లేదని అప్పుడే చెప్పి ఉండాల్సింది.

కోర్టుకెళ్తే అవుతుంది అని కూడా చెప్తాడు ఆ మనిషి, చెప్పకపోతే రేపు చెప్తాడు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి ఇచ్చిన తీర్పు ఇప్పటికీ మూలస్తంభం. దొడ్డిదారిన వచ్చినవాళ్లని ఎన్నేళ్లు పనిచేశారన్న ఒక్క కారణంతో రెగ్యులర్ చెయ్యకూడదు అంది. మంజూరైన పోస్టులో, అర్హత ఉండి, కోర్టు స్టేలు లేకుండా పదేళ్లు చేసినవాళ్లకు మాత్రం ఒక్కసారికి అవకాశం ఇవ్వమంది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో, ప్రభుత్వం పెట్టుకున్న తాత్కాలిక ఉద్యోగి రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తే ఆ పే స్కేలులో కనీస జీతం ఇవ్వాలంది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో, సెంట్రల్ వాటర్ కమిషన్‌లో ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోటపని లాంటివి చేసిన కొద్దిమందిని రెగ్యులర్ చెయ్యమని ఆర్డరు వేసింది, ఉమాదేవి తీర్పును ఆయుధంగా వాడి పాత పనివాళ్లను వెళ్లగొట్టొద్దని గట్టిగానే చెప్పింది. మంచి తీర్పు. కానీ ఆ మనుషులు దాదాపు ఒక తరం కాలం పనిచేసి, తీసేయించుకుని, ట్రిబ్యునల్, హైకోర్టు దాటి అక్కడికి చేరారు. 60,000 కట్టి మూడేళ్లలో అనే లెక్కకు అది ఆధారం కాదు.

డీఎల్ఆర్ ప్యూను కథ ఇక్కడే చెప్పాలి. ఒడిశాలో 1993 ఏప్రిల్ 12 అనే తేదీ ఒకటుంది. ఆ తర్వాత కొత్తగా ఎన్ఎంఆర్ (మస్టర్ రోల్ మీద పనిచేసేవాళ్లు), డీఎల్ఆర్ పనివాళ్లను పెట్టుకోకూడదని ప్రభుత్వం అంది. 1997 మే 15న ఫైనాన్స్ శాఖ ఒక తీర్మానం తెచ్చి, ఆ తేదీకి ముందునుంచి పనిచేస్తున్నవాళ్లను ఖాళీలను బట్టి రెగ్యులర్ చేసే దారి చూపింది. మా ప్యూను 1992 వానాకాలం నుంచి చేస్తున్నానని చెప్పేవాడు. చూపించడానికి కాగితం లేదు. అప్పట్లో మస్టర్ రోల్ మీద వేలిముద్ర వేయించుకుని, రెవెన్యూ స్టాంపు అంటించి, చేతిలో నోట్లు పెట్టి పంపేవాళ్లం. ఆ రోల్స్ ఎవరు దాస్తారు? ఆయన ఆరేళ్లు తిరిగాడు. ఒక వేసవిలో పాత స్టోర్ రూము ఖాళీ చేయిస్తుంటే, చెదపట్టిన చెక్క బీరువా వెనక పడిపోయిన ఒక కట్ట దొరికింది. 1992 నవంబరు జీతాల చెల్లింపు పట్టీ. పైన సగం పేజీ చెద తినేసింది. కింద సగంలో ఏడో వరసలో ఆయన పేరు, పక్కన ఊదారంగు వేలిముద్ర, స్టాంపు మీద అడ్డంగా పడిన గీత. ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని నేను సాహెబు గదికి నడిచిన నడక నాకిప్పటికీ గుర్తు. రెగ్యులర్ ఆర్డరు వచ్చింది గానీ, వచ్చేనాటికి ఆయనకు రిటైర్మెంటు నాలుగేళ్లే. ఆయన పేరు ఇంకో రెండు వరసలు పైన ఉండుంటే అదీ లేదు.

అందుకే ఎవరు ఉద్యోగం సంగతి అడిగినా నేను జీతం ఎంత అని అడగను. పోస్టు ఎవరిది, డబ్బు ఏ పద్దులోంచి, ఆర్డరు మీద సంతకం ఎవరిది అని అడుగుతాను. ఈ మూడూ మీ చెల్లెలి విషయంలో కనుక్కోండి. పోస్టు లేదు. డబ్బు ఆఫీసు ఖర్చుల్లోంచి. సంతకం ఏజెన్సీ మేనేజరుది. అలాగని ఆ పని చెయ్యకూడదని నేను అనడం లేదు. ఇంట్లో ఖాళీగా కూర్చునే కన్నా రెండేళ్లు చేస్తే అనుభవం వస్తుంది, ఒడియా ఆఫీసు భాష వస్తుంది. దాన్ని దాని పేరుతోనే పిలిచి చేరితే టెన్షన్ ఉండదు.

ఇప్పుడు పదిన్నర వేల సంగతి. ఇది నాకు చేతికొచ్చిన లెక్క కాబట్టి రూపాయలతో సహా చెప్తాను. నెల వేతనం 15,000 అనుకుందాం. ఉద్యోగి వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ మీ ప్రాంతానికి వర్తిస్తే 0.75 శాతం, పై రూపాయికి సర్ది 113. ఒడిశాలో ఏడాది ఆదాయం 1,60,000 దాటితే వృత్తి పన్ను ఏడాదికి 1,500, అంటే నెలకు 125. ఈ మూడూ పోతే చేతికి 12,962 రావాలి. యజమాని వాటా వేరే ఉంది: పీఎఫ్, ఇన్సూరెన్సు, నిర్వహణ ఖర్చు అన్నీ కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 488. ఈ 2,438 రూపాయలు 15,000 పైన ఆఫీసు ఏజెన్సీకి ఇస్తుంది. ఉద్యోగి జీతంలోంచి ఇది కొయ్యడానికి వీల్లేదు, పీఎఫ్ చట్టమే వద్దంటుంది.

కొందరు ఏజెన్సీవాళ్లు ఏం చేస్తారంటే, ఆఫీసు దగ్గర యజమాని వాటా తీసుకుని, మళ్లీ అదే వాటా ఉద్యోగి జీతంలోంచి కూడా కోస్తారు. 12,962లోంచి 2,438 తీసెయ్యండి. 10,524. మీరు విన్న పదిన్నర వేలు అదే. అక్కడ కూర్చున్న కుర్రాడు "పీఎఫ్ కట్ అవుతోంది" అని సర్దిచెప్పుకుంటూ ఉంటాడు, అతనికి లెక్క చూపించేవాడు లేడు. ఒకవేళ పీఎఫ్ ఖాతాలో కూడా డబ్బు పడకపోతే అది ఇంకో దొంగతనం. అతన్ని ఈ రోజే ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూసుకోమనండి. 15,000 మీద నెలనెలా ఉద్యోగి వాటా 1,800, యజమాని వాటా రెండు ముక్కలుగా 550, 1,250 కనబడాలి. ఆ 1,250 పెన్షన్ వైపు పోతుంది, పదేళ్లు నిండితే నెలసరి పెన్షన్‌కి అర్హత వస్తుంది. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ (పీఎఫ్ గుర్తింపు నంబరు) తెరవనివ్వొద్దు, పాతదే కొనసాగించమనాలి. లేకపోతే ఆ పదేళ్లు ముక్కలైపోతాయి.

ఈ కోతలకు కారణం చాలావరకు టెండర్లోనే ఉంటుంది. అందరికన్నా తక్కువ కమీషన్ అడిగినవాడికి పని ఇస్తారు. పోటీలో పడి సున్నా కమీషన్ అని, పైసలు మాత్రమే అని కోట్ చేసేవాళ్లను నేను చూశాను. పైసా లాభం లేకుండా ముప్పైమందికి జీతాలిచ్చి, ఆఫీసుకి డిపాజిట్ కట్టి, బిల్లుకోసం రెండు నెలలు ఎదురుచూసే పుణ్యాత్ముడు ఈ లోకంలో ఎక్కడుంటాడు? లాభం ఇంకో చోటినుంచి వస్తుంది. ఒకటి పీఎఫ్ కోత. రెండు చేరేటప్పుడు తీసుకునే "డిపాజిట్". నిజానికి టెండరు ప్రకారం పూచీకత్తు కట్టాల్సింది ఏజెన్సీ, ఆఫీసుకి. పనిచేసే మనిషి ఎవరికీ రూపాయి కట్టాల్సిన పని లేదు. ఆ 60,000కు రసీదు అడిగి చూడండి, ఆ మనిషి మొహం చూస్తే తెలుస్తుంది. ఇంకా పచ్చి మోసం ఒకటుంది: జీతం బ్యాంకులోనే వేసి, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు తమ దగ్గర పెట్టుకుని, డ్రా చేసుకుని మిగిలింది చేతికివ్వడం. మా దగ్గరే ఒక పారిశుద్ధ్య కాంట్రాక్టులో ఇది జరిగింది. బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే అంతా సక్రమం. ఒకే ఏటీఎంలో, ఒకే రాత్రి, పది నిమిషాల తేడాలో పదకొండు మంది డబ్బు తీసినట్టు కనబడేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

జీతం ఆలస్యం గురించి కూడా చెప్పాలి. "మా బిల్లు ట్రెజరీలో పాస్ కాలేదు, పాస్ అయ్యాక ఇస్తాం" అంటుంది ఏజెన్సీ. అది వాళ్లకీ ఆఫీసుకీ మధ్య సంగతి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలన్నది చట్టం. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకొచ్చాయి, వేతనాల కోడ్‌లోనూ అదే 7వ తేదీ ఉంది, జీతం చీటీ ఇవ్వాలని ఉంది. నియామక పత్రం ఇవ్వడం కూడా తప్పనిసరి అయింది. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థ ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి అన్నది 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం నాటి సూత్రమే. ఇది తెలిసిన ఆఫీసర్లు తక్కువ. తెలిసినా, "అది ఏజెన్సీ మ్యాటర్" అని తప్పించుకోవడం తేలిక.

మన సరిహద్దు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తంటా పేరు. నవ్వకండి, పీఎఫ్ ఆగిపోయిన కేసుల్లో నేను చూసినవి సగం ఇవే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావాళ్లు చివర రాస్తారు. అప్పారావు అనే పేరే తీసుకోండి. పాతపట్నంలో చదివిన సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, అప్పారావు ఒకే ముక్క. ఆధార్ పర్లాకిమిడిలో తీసుకుంటే ఒడియా ఆపరేటరు అప్పా ఒక ముక్క, రావు ఇంకో ముక్క చేసి, రావునే ఇంటిపేరు చేసేస్తాడు. బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరమై కూర్చుంటుంది. మూడు చోట్ల ముగ్గురు మనుషులు. జీతం పడుతుంది గానీ, పీఎఫ్ తీసుకోబోతే కేవైసీ కలవదు. నేను ఉద్యోగంలో చేసిన తప్పుల్లో ఒకటి ఇదే: ఒక స్వీపరమ్మ పేరు ఆధార్ చూడకుండా, ఆమె చెప్పినట్టు రాసేశాను. ఆమె భర్త పోయినప్పుడు డబ్బు కోసం బరంపురం పీఎఫ్ ఆఫీసుకి మూడుసార్లు తిరగాల్సొచ్చింది. మూడోసారి నేనే తోడు వెళ్లాను. మీ చెల్లెలు ఎక్కడ చేరినా, చేరకముందే ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా మూడింటిలో అక్షరం అక్షరం ఒకటే ఉండేట్టు చూసుకోండి.

మీరు అడగలేదు గానీ, అసలు మొదటి టేబులు సంగతి కూడా చెప్పాలి. పరీక్ష రాసి రావాలంటే మనవాళ్లకు అడ్డం పడేది ఒడియా. గ్రూప్ సి పోస్టుకి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, దానికి రుజువు కావాలి. ఏడో తరగతి లేదా పైన ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా మెట్రిక్యులేషన్‌లో భాషేతర సబ్జెక్టుకి ఒడియా మాధ్యమంగా రాసి ఉండాలి, అదీ లేకపోతే ఎం.ఇ. స్టాండర్డ్ (ఏడో తరగతి స్థాయి) ఒడియా పరీక్ష రాయాలి. కాశీనగర్ పిల్లలు చాలామంది దగ్గరని అటు శ్రీకాకుళం జిల్లాలో తెలుగు మీడియంలో చదువుతారు, ఇంట్లో బజార్లో ఒడియా గడగడా మాట్లాడతారు, తీరా అప్లికేషన్ పెట్టేటప్పుడు సర్టిఫికెట్ ఉండదు. మీ చెల్లెలిది అదే పరిస్థితైతే ముందు ఆ పరీక్ష రాయించండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే అందదు.

కులం సర్టిఫికెట్ దగ్గర ఇంకో చిక్కు. మనకు పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మహేంద్రతనయకు అటూ ఇటూ. అటు రాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్ ఇటు రాదు, పెళ్లి చేసుకుని వచ్చినా రాదు. రాష్ట్రం మారితే హోదా వెంట రాదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు కూడా ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన కుర్రాడిదే. ఒడిశాలో ఎస్టీలకు 22.5 శాతం, ఎస్సీలకు 16.25, ఎస్ఈబీసీలకు (ఇక్కడి వెనుకబడిన తరగతులు) 11.25 శాతం. ఆ జాబితాలో ఏ పేరుందో చూసి తహసీల్దారు ఇస్తాడు. అటు బీసీ కదా అని ఇటు ధీమాగా ఉంటే వెరిఫికేషన్ రోజు ఆగిపోతారు. అలా ఆగిపోయి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన కోడలమ్మని నేను చూశాను, మార్కుల్లో ముందుంది పాపం.

రెగ్యులర్‌గా వచ్చినా మొదటి జీతం మొదటి నెల రాదు. జాయినింగ్ రిపోర్టు, మెడికల్ ఫిట్‌నెస్, పోలీసు వెరిఫికేషన్, హెచ్ఆర్ఎంఎస్ ఐడీ, ఎన్‌పీఎస్‌కి ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరు, ఇవన్నీ అయ్యేసరికి రెండు మూడు నెలలు. అన్నీ కలిపి ఒకేసారి వస్తాయి. ఆ రెండు నెలలకి అద్దెకి, భోజనానికి డబ్బు చూసుకుని వెళ్లాలని ఎవరూ చెప్పరు. మార్చి జీతం ఏప్రిల్లో వస్తుంది, అదీ మామూలే. సర్వీసు పుస్తకం మొదటి పేజీ రాసేటప్పుడు బడబాబు పక్కనే నిలబడి పుట్టిన తేదీ చూసుకోండి. అక్కడ పడిన తప్పు దిద్దించుకోవడం ముప్పై ఏళ్ల తర్వాత దేవుడి వల్ల కూడా కాదు.

మళ్లీ మీ సంగతికి వస్తే, ఆ ఏజెన్సీ మనిషితో గొడవ పడకండి. నేరుగా ఆ ఆఫీసుకి వెళ్లి బడబాబుని కలవండి. ఏ ఏజెన్సీకి వర్క్ ఆర్డరు ఉంది, ఎంతమందికి, ఎప్పటిదాకా, ఆపరేటరుకి నెలకి ఎంత రేటు అని అడగండి. ఒప్పందం మార్చి 31కి అయిపోతుంటే, ఇప్పుడు చేరి లాభం లేదు. కొత్త ఏజెన్సీ వస్తే అది తన మనుషుల్ని తెచ్చుకోవచ్చు. చెప్పనంటే ఆర్టీఐ వెయ్యండి. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు జత చెయ్యాలి, పది రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించాలి. ఒప్పందం కాపీ, గత ఆరు నెలల ఏజెన్సీ బిల్లులు, వాటితో జతచేసిన పీఎఫ్ చలాన్లు అడగండి. పదిన్నర వేలు తీసుకుంటున్న ఆ కుర్రాడికి కూడా ఆ కాగితాలే పనికొస్తాయి. వాటితో అతను జిల్లా లేబర్ ఆఫీసర్ దగ్గరకు వెళ్లొచ్చు, బరంపురం పీఎఫ్ ఆఫీసుకి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు, కలెక్టరు దగ్గర జన శుణాణిలో (ప్రజా ఫిర్యాదుల విభాగంలో) ఇవ్వొచ్చు. ఒక్కడే వెళ్తే మర్నాడే తీసేస్తారని భయపడతాడు, ఆ భయం అబద్ధం కాదు. నలుగురైదుగురు కలిసి సంతకం పెట్టి వెళ్లమనండి.

ఇది చదివేవాళ్లలో నా పాత కుర్చీలో కూర్చున్నవాళ్లు ఉంటే ఒక మాట. ఏజెన్సీ ఈ నెల బిల్లు పెట్టినప్పుడు పోయిన నెల పీఎఫ్ ఈసీఆర్ (ఎవరి పేరున ఎంత పీఎఫ్ కట్టారో చూపే పట్టీ), జీతాలు ఖాతాల్లో పడిన బ్యాంకు జాబితా రెండూ జతలేకపోతే బిల్లు ముందుకు కదపకండి. ఈసీఆర్‌లో మొత్తం ఎంత అని చూసి వదిలెయ్యొద్దు, పేర్లు చదవండి. మేము ఒకసారి చదివితే మా ఆఫీసులో అసలు లేని ముగ్గురి పేర్లు దొరికాయి, ఉన్న ఇద్దరి పేర్లు లేవు. ఏజెన్సీవాడు "టైపింగ్ మిస్టేక్ సార్" అన్నాడు. ఆ నెల బిల్లు ఆపాం, పన్నెండో రోజుకి మిస్టేక్ సరిపోయింది. సాహెబు నా మీద కాస్త విసుక్కున్నాడు గానీ, ఆపరేటరమ్మ ఆ శనివారం ఇంటినుంచి అరిసెలు తెచ్చింది.

మీ చెల్లెలు పదో తరగతి ఎక్కడ, ఏ మీడియంలో చదివిందో రాయండి. ఒడియా పరీక్ష అవసరమో లేదో అప్పుడు చెప్తాను.